పరిశోధకురాలు మాట్లాడింది

పోయిన నెల ఢిల్లీ సాకేత్‌లో కళ్ల పరీక్ష చేయించుకుని బయటికి వస్తుంటే కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టింది. మా సేవలు మీకు ఎంతవరకు నచ్చాయి, ఒకటి నుంచి ఐదు లోపు ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి అని ఉంది. కంట్లో వేసిన చుక్కల మందు వల్ల అంకెలన్నీ అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. అయినా నాకు నవ్వాగలేదు. "క్యా హువా అంకుల్?" అంది ఆ అమ్మాయి. ఏమీ లేదన్నాను. ఇలాంటి కాగితాలు పట్టుకుని ఒకప్పుడు ఈ ఊరంతా తిరిగిన మనిషి ఒకావిడ ఉండేదని, ఆవిడ వెనక సంచీ మోసినవాణ్ని నేనేనని ఆ పిల్లకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి?

మేమంతా ఆవిణ్ని సిస్టరక్క అనేవాళ్లం.

అప్పుడు నేను బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాను. చదువుతున్నాను అన్నది వరంగల్‌లో మా ఇంట్లోవాళ్ల మాట. నేను ఎక్కువగా చేసింది జిరాక్సులు తీయించడం. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులు. ఒక మధ్యాహ్నం జిరాక్సు షాపులో నోట్సు కట్ట పట్టుకుని నిలబడితే, నా ముందున్న ఆవిడ షాపతనితో, "భయ్యా, థోడా జల్దీ కర్ దీజియే అండి. క్లాస్ హై అండి" అంటోంది. నేను ఢిల్లీ వచ్చి ఏడాది దాటింది. 'అండి' అనే మాట చెవిన పడీ ఏడాది దాటింది. అది హిందీ చివర తగిలి ఉండేసరికి మొదట నా చెవులనే అనుమానించాను. షాపతను మాత్రం ఏమీ తడబడకుండా, "హో గయా అండి" అన్నాడు.

"మీరు తెలుగాండి?" అని అడిగాను. మా వైపు ఎవరమూ అలా మాట్లాడం. కానీ నా నోటికీ అంటుకుంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, తెల్ల కోటు మడిచి చేతి మీద వేసుకుని ఉంది. దగ్గరికొచ్చి బొటనవేలితో నా కింది కనురెప్పను లాగి, మొహం వెలుతురు వైపు తిప్పి చూసింది.

"రక్తం లేదు నీ వొంట్లో. ఏం తింటన్నావండి నువ్వు?"

'నువ్వు'నూ 'అండి'నీ ఒకే వాక్యంలో అంత నిశ్చింతగా కూర్చోబెట్టగల మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎవరైనా ఎదురైతే నమస్కారం పెట్టే బదులు కనురెప్ప లాగి చూడటం ఆవిడ అలవాటని ఆ తర్వాత తెలిసింది. సందులో కూరగాయల బండి అతను ఆవిడ కనబడగానే తానే రెప్ప కిందికి లాక్కుని చూపించేవాడు.

గోదావరి జిల్లాలో తణుకు పక్క ఊరు ఆవిడది. ఇరవై ఏళ్ల కిందట నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో స్థిరపడింది. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది, మిగిలిన వారమంతా వార్డులో కేకలు వేసేది. ఆ వయసులో చదువు మీద బుద్ధి పుట్టి, సెలవు పెట్టి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరింది. నర్సుల హాస్టల్లో ఉంటే కొత్త నర్సులందరూ వచ్చి సలహాలు అడుగుతున్నారని, చదువుకునేవాళ్ల మధ్య ఉంటే తనకూ చదువు వస్తుందని బేర్ సరాయ్‌లో మా ఎదురు మేడ మీద గది తీసుకుంది. మా సందులో చదివేవాళ్లు ఎవరూ లేరని ఆవిడకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. అప్పటికే మేము పదిమందిమి వెళ్లి సలహాలు అడుగుతున్నాం.

ఎమ్మెస్సీ అంటే పరిశోధన చేసి గ్రంథం సమర్పించాలి. ఆవిడ తీసుకున్న విషయం ఇది: ప్రమాదం ఉందని డాక్టరు చెప్పాక కూడా రోగులు వైద్యాన్ని ఎందుకు వాయిదా వేస్తారు, ఒప్పుకునేవాళ్లు ఎవరి మాట విని ఒప్పుకుంటారు. ఆ విషయం తీసుకున్నాక లోకమంతా ఆవిడకు రిస్కుగా కనపడసాగింది. పెద్ద రోడ్డు దాటడం హైరిస్కు. మా మెస్సు సాంబారు మోడరేట్ రిస్కు. నేను సివిల్స్ రాయడం ఏ కోవలోకి వస్తుందని ఒకసారి అడిగితే, కాసేపు ఆలోచించి, "అది ప్రాణానికేం కాదులే" అంది. ఇంత భయం పెట్టుకుని ఎలా బతుకుతావక్కా అంటే, "రిస్కు లేనివాళ్లు ఫొటోల్లోనే ఉంటారండి, దండేసి" అనేది.

ప్రశ్నావళి రాసుకుంది. ప్రతి ప్రశ్నకూ ఐదు గళ్లు. 'అసలు ఒప్పుకోను' నుంచి 'పూర్తిగా ఒప్పుకుంటాను' దాకా. మధ్యలో 'చెప్పలేను'. ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు ఎవరిమీదైనా పరీక్షించి చూడాలని ఆవిడే నిర్ణయించుకుని మా సందులోవాళ్ల మీద పడింది. మెస్సు నడిపే పండిట్‌జీ అన్ని ప్రశ్నలకూ 'పూర్తిగా ఒప్పుకుంటాను' అన్నాడు. 'వైద్యమంటే నాకు భయం' అన్నదానికీ అదే, దాని కిందే ఉన్న 'వైద్యమంటే నాకు భయం లేదు' అన్నదానికీ అదే. ఇదేమిటని అడిగితే, "మేడమ్ ఇంత కష్టపడి రాశారు, కాదంటే ఏం బాగుంటుంది?" అన్నాడు. మా ఇంటి యజమాని అన్నిటికీ 'చెప్పలేను' అన్నాడు. రాతపూర్వకంగా ఏదైనా చెప్పే ముందు వకీలును అడగాలట. సిస్టరక్క ఆ కాగితాలు ముందేసుకుని రెండు రోజులు దిగులుగా కూర్చుంది.

ఆ దిగులును ఇంకాస్త పెంచింది నేనే.

ఇంగ్లీషులో రాసిన ప్రశ్నావళిని హిందీలోకి మార్పించాలి. ఆ హిందీని, అసలు ఇంగ్లీషు చూడని మరొకరెవరైనా తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండు ఇంగ్లీషులూ పోల్చి చూస్తే హిందీ సరిగా ఉందో లేదో తెలుస్తుంది. హిందీ చేయడానికి ఒక బడి టీచరు దొరికాడు. తిరిగి ఇంగ్లీషు చేయడానికి నేను ముందుకొచ్చాను. హైదరాబాదులో మూడేళ్లు ఉన్నవాణ్ని, హిందీ నాకో లెక్కా అనుకున్నాను. హైదరాబాదులో మాట్లాడేదాన్ని ఢిల్లీవాళ్లు హిందీ అనుకోరన్న సంగతి అప్పటికి నా దాకా రాలేదు.

హిందీలో రిస్కును జోఖిమ్ అంటారు. నాకు తెలిసింది జుకామ్. అంటే జలుబు. వాయిదా వేయడాన్ని టాల్‌నా అంటారు. నాకు తెలిసింది తాలా, అంటే తాళం. రాత్రంతా నిద్ర లేకుండా చేసి ఉంటే అలసట మీదికి నెట్టేవాణ్ని. పట్టపగలు, టీ తాగి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను.

ఆవిడ గైడ్ మేడమ్ కేరళ మనిషి. నవ్వితే మార్కులు తగ్గుతాయన్నట్టు ఉండేది. నేను చేసిన అనువాదాన్ని సిస్టరక్క ఎదురుగా పైకి చదివిందట. 'ఈ చికిత్సలో పట్టే జలుబు గురించి డాక్టరు నాకు వివరంగా చెప్పారు.' 'జలుబు ఎక్కువని తెలిస్తే నేను నిర్ణయానికి తాళం వేస్తాను.' 'నా జలుబు గురించి నిర్ణయించే హక్కు నా కుటుంబానికి ఉంది.'

"ఎవరితను?" అని అడిగిందట మేడమ్.

"సివిల్స్‌కు చదువుతున్నాడండి, మేడమ్."

"ఏ దేశంలో?"

సాయంత్రం ఈ కథంతా సిస్టరక్కే నాకు చెప్పింది. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "నిర్ణయానికి తాళం వేస్తాను అన్నది మాత్రం బాగుందండి. నిజంగా అలాగే చేస్తారు జనం" అంది. అనువాదం వేరొకరికి ఇచ్చి, నా మనసు నొచ్చుకోకుండా సంచీ మోసే పని నాకిచ్చింది. నా గదిలో సొంత కంప్యూటరు ఉండటం వల్ల టైపు పనీ నాకే వచ్చింది.

అలా ఆవిడ వెంట ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆపరేషనో మరో పెద్ద వైద్యమో చేయించుకోవాలని డాక్టరు చెప్పి పంపిన రోగుల్ని బయట బల్లల మీద కూర్చోబెట్టి ఆవిడ ప్రశ్నలు అడిగేది. నేను ఫారాలు అందించి, నింపినవి దాచేవాణ్ని. ఇందులో చిక్కు ఒక్కటే. పరిశోధన చేసేవాళ్లు అడగాలి తప్ప చెప్పకూడదు. ఇలా చేయండి, అలా చేయకండి అని రోగికి సలహా ఇస్తే అక్కడితో ఆ ఫారం చెల్లదు, ఎందుకంటే ఆ జవాబులో మన మాట కలిసిపోతుంది. గైడ్ మేడమ్ ఈ సంగతి మొదటి రోజే గట్టిగా చెప్పింది. ఇరవై ఏళ్లుగా కనబడినవాళ్లందరికీ సలహాలు ఇస్తూ బతికిన మనిషికి చెప్పింది.

సిస్టరక్క దానికి మార్గం కనిపెట్టింది. ప్రతి రోగి దగ్గరా కూర్చోగానే నోట్లో ఒక నిమ్మతొన వేసుకునేది. ఆ పుల్లటి బిళ్ల బుగ్గన ఉన్నంతసేపూ ఫారంలో ఉన్న ప్రశ్న తప్ప ఇంకో మాట రాకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం. రోగి ఏదైనా అన్యాయమైన మాట అంటే, మా బావమరిది ఆపరేషన్ వద్దన్నాడు, ఆకుపసరు కడితే పోతుందన్నాడు అని ఏదో చెబితే, ఆవిడ బుగ్గ అటూ ఇటూ మారేది. కళ్లు పెద్దవయ్యేవి. ముక్కుతో గాలి వదిలేది. అంతకుమించి పట్టలేకపోతే లోపల కటుక్కుమని చప్పుడు వినబడేది. బిళ్ల కొరికేసిందన్నమాట. ఆ చప్పుడు వింటే నేను ఆ ఫారం తీసి పక్కన పెట్టేసేవాణ్ని. ఇక అది పనికిరాదు.

కొరికిన తర్వాత ఆవిణ్ని ఆపడం ఎవరి తరమూ కాదు. "చూడండి అంకుల్‌జీ" అని మొదలుపెట్టి, ఆయన రిపోర్టు తీసి, ఏది ఎందుకు చేయాలో, చేయకపోతే ఏమవుతుందో, ఎవర్ని కలవాలో, ఏ తలుపు లోంచి వెళ్తే వరస తక్కువ ఉంటుందో చెప్పి, చివర్లో ఆయన వెంట వచ్చిన కొడుకు కనురెప్ప కూడా లాగి చూసి పంపేది. తర్వాత నిజాయితీగా ఆ ఫారం మీద అడ్డంగా గీత కొట్టి ఎర్ర సిరాతో రాసేది: 'రద్దు. పరిశోధకురాలు మాట్లాడింది.' నెల తిరిగేసరికి సంచీలో చెల్లే ఫారాల కట్ట కంటే చెల్లని కట్ట లావైంది. గ్రంథం సమర్పించే గడువు దగ్గర పడుతోంది. ఈసారి పూర్తి కాకపోతే సెలవు అయిపోతుంది, చదువు అక్కడితో ఆగిపోతుంది.

"రేపట్నుంచి రెండు బిళ్లలేసుకుంటానండి" అంది.

ఆ రేపే తాయీ వచ్చింది.

నజఫ్‌గఢ్ అవతలి పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. అందరూ ఆమెను తాయీ, అంటే పెద్దమ్మ అని పిలుస్తున్నారు. చక్కెర జబ్బు. కుడికాలి చిటికెన వేలు నల్లబడిపోయింది. వేలు వెంటనే తీసేయాలి, ఆలస్యమైతే పాదానికే ప్రమాదం అని డాక్టర్లు చెప్పి నాలుగు రోజులైంది. ఆమె వెంట ఏడుగురు వచ్చారు. బావగారు, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, మిగిలినవాళ్లు ఏమవుతారో ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులుగా వాళ్లు ఆ వరండాలోనే దుప్పట్లు పరుచుకుని సంప్రదింపులు జరుపుతున్నారు.

సిస్టరక్క రెండు బిళ్లలూ వేసుకుని తాయీ పక్కన కూర్చుని మొదటి ప్రశ్న చదివింది. మీ వైద్యం గురించి నిర్ణయం ఎవరు తీసుకుంటారు?

"నేను" అన్నాడు బావగారు.

"అందరం కలిసి" అన్నాడు పెద్ద కొడుకు.

"చిన్న చెల్లెలి భర్త ఉన్నాడు రోహ్‌తక్‌లో. ఫోన్ చేశాం, ఎత్తడం లేదు" అన్నాడు రెండోవాడు.

తాయీ గోడ వైపు చూస్తోంది. రోగి తప్ప ఇంకొకరు జవాబు చెప్పకూడదని సిస్టరక్క హిందీలో చెప్పి చూసింది. అండి చేర్చి చెప్పింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి తెలుగులో, "ఖాళీ ఫారాలు ఏడు తియ్యి" అంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చి, ఇది చాలా ముఖ్యమైన పని అని, ఒకరిది ఒకరు చూడకుండా నింపాలని, వరండా చివర కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని చెప్పి పంపించింది. ఏడుగురూ పరీక్షకు వెళ్తున్నట్టు వెళ్లారు. నిమిషంలో అక్కడ గొడవ మొదలైంది. 'ఒప్పుకుంటాను'కీ 'పూర్తిగా ఒప్పుకుంటాను'కీ తేడా ఏమిటని బావగారు అడుగుతున్నాడు. కోడలు తన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంటోంది.

ఇటు మేం ముగ్గురమే మిగిలాం. సిస్టరక్క మళ్లీ అదే ప్రశ్న అడిగింది. తాయీ తన భాషలో, "మన్నై తో కిసే నై పూఛ్యా ఏ కోన్యా" అంది. నాకు అర్థం కాలేదు. నన్నయితే ఎవరూ అడగనే లేదు అంటోందని సిస్టరక్క చెప్పింది. బుగ్గలో బిళ్లలు కదిలాయి గానీ కొరకలేదు.

"అడిగితే ఏం చెప్తారు?" ఇది ఫారంలో లేని ప్రశ్న.

తాయీ తన పాదాన్ని చూసుకుంది. వేలు పోతే పోయింది, భయమేమీ లేదంది. తనకు తెలియాల్సింది ఒక్కటే. ఇంట్లో రెండు గేదెలున్నాయి. అవి ఇంకెవరు కూర్చున్నా పాలివ్వవు. వేలు తీసేశాక తను గొంతుక్కూర్చోగలదా? ఒరిగి పడిపోదా? డాక్టర్ను అడగమంటే కొడుకులు సిగ్గుపడుతున్నారట.

కటుక్కుమంది. రెండూ ఒకేసారి.

సిస్టరక్క లేచి, తెల్ల కోటు అంచులు వెనక్కి తోసి, ఆ వరండాలో నేల మీద గొంతుక్కూర్చుంది. కుడికాలి చెప్పు విడిచి చిటికెన వేలు పైకెత్తి పట్టుకుని, బరువంతా బొటనవేలు మీదా మడమ మీదా ఎలా పడుతుందో చూపించింది. తాయీ ముందుకు వంగి చూసింది. నమ్మకం కలగలేదు. గేదె లేకుండా ఊరికే కూర్చోవడం ఎవరైనా కూర్చుంటారంది.

సిస్టరక్క నా వైపు చూసింది.

"నువ్వు గేదెవి" అంది.

"అక్కా, నేను డిగ్రీ చదివిన" అన్నాను.

"తెలుసు తమ్ముడూ. వొంగండి."

సంచీ కింద పెట్టి వంగాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరైనా తెలిసినవాళ్లు వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. సిస్టరక్క నా పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ల మధ్య లేని బకెట్ పెట్టుకుని, గాలిలో పాలు పితకసాగింది. తాయీ సలహాలిస్తోంది. ఇంకాస్త ముందుకు, భుజం ఆనించు, గేదె కదిలితే ఏం చేస్తావు? "కదులు" అంది సిస్టరక్క. కదిలాను. ఆవిడ ఒరగలేదు. ఇంకోసారి, గట్టిగా కదలమంది తాయీ. కదిలాను. అప్పుడూ ఒరగలేదు. చిటికెన వేలు పైకే ఉంది.

నేను తల తిప్పేసరికి వరండా చివర ఏడుగురూ ఫారాలు చేత్తో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ల వెనక గైడ్ మేడమ్ నిలబడి ఉంది.

మొదట మాట్లాడింది తాయీ. "కాట్ దో" అంది. తీసేయండి. కొడుకులు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించమంది.

వాళ్లు వెళ్లాక గైడ్ మేడమ్ దగ్గరికొచ్చింది. నేను ఇంకా పూర్తిగా నిటారు కాలేదు.

"ఇది డేటా సేకరణా?"

"కాదండి, మేడమ్. డేటా పోయింది" అంది సిస్టరక్క. ఫారం తీసి, గీత కొట్టి, ఎర్ర సిరాతో రాయాల్సింది రాసింది.

తాయీకి వేలు తీసేశారు. పాదం దక్కింది. కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టి చాలా ఆప్యాయంగా వీపు నిమిరింది.

మిగిలిన రోగుల్ని సిస్టరక్క మూతి బిగించుకునే పూర్తి చేసింది. ఎలాగో గడువులోపు లెక్క సరిపోయింది. రాసే దశ వచ్చింది. ప్రతి పరిశోధనకూ ఉండే లోపాలు ఒప్పుకోవడానికి 'పరిమితులు' అని ఒక అధ్యాయం ఉంటుంది. చాలామంది దాన్ని నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. సిస్టరక్క తను మాట్లాడిన ప్రతి సందర్భాన్నీ రాసింది. ఎవరితో ఏం మాట్లాడిందో, వాళ్లు తర్వాత ఏం చేశారో. గైడ్ మేడమ్ తగ్గించమని వెనక్కి పంపేది, ఆవిడ నిజాయితీ కొద్దీ ఇంకో రెండు సంఘటనలు గుర్తు చేసుకుని చేర్చేది. ఆ అధ్యాయం నేను నాలుగుసార్లు టైపు చేశాను. గ్రంథంలో చదవడానికి బాగున్నది అదొక్కటే. తర్వాత మౌఖిక పరీక్షలో బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, మీ పరిశోధనకు ఉన్న అతి పెద్ద పరిమితి ఏమిటని అడిగితే, "నేనేనండి" అని చెప్పి పాసైంది.

కానీ అది తర్వాతి మాట. దానికి ముందు బైండింగు జరిగింది.

చివరి పేజీలన్నీ ప్రింటు తీసి, ఆవిడ బల్ల మీదున్న అనుబంధాల కాగితాలు కూడా పోగు చేసుకుని బైండింగు షాపులో ఇచ్చే పని నాది. చివరి రోజు. నేను హడావుడిలో బల్ల మీదున్నవన్నీ ఎత్తుకెళ్లాను. షాపతను అన్నిటినీ కలిపి నాలుగు ప్రతులు తీసి, నల్ల అట్ట వేసి, బంగారు అక్షరాలు కొట్టి ఇచ్చాడు. సమర్పించాం. మెస్సులో పండిట్‌జీ చేత ఖీర్ చేయించుకుని తిన్నాం. సిస్టరక్క తినలేదు, గ్యాసుగా ఉందంది.

మూడో రోజు గైడ్ మేడమ్ ఇద్దర్నీ రమ్మని కబురు పెట్టింది. నన్నూ రమ్మనడంతో నాకు భయం పట్టుకుంది. గదిలోకి వెళ్లగానే గ్రంథం చివర్న తెరిచి మా ముందుకు తోసింది.

"రోగి పేరు ఎక్కడా బయటపడకూడదని తెలుసా తెలియదా?" అంది. "అనుబంధంలో ఒక పేషెంటు స్కానింగ్ రిపోర్టు పెట్టారు. పేరూ వయసూ అన్నీ ఉన్నాయి, చదవకూడదని నేను చదవలేదు. పిత్తాశయం నిండా రాళ్లు. ఇది పరీక్షకుడి చేతిలో పడితే ఏమవుతుంది?"

సిస్టరక్క ఆ పేజీ వైపు చూడలేదు. నేను వంగి చదివాను. పేరు చదివాను. అదే పేరు నల్ల అట్ట మీద బంగారు అక్షరాల్లో ఉంది.

గైడ్ మేడమ్ నా మొహం చూసి, తనూ మళ్లీ పేజీ చూసి, అట్ట తిప్పి చూసింది. రిపోర్టు మీద తేదీ, సిస్టరక్క ఈ చదువులో చేరకముందుది.

"ఈ పేషెంటు నిర్ణయం ఏమిటి?" అని అడిగింది మేడమ్, నెమ్మదిగా.

"వాయిదా అండి."

"కారణం?"

"ముందు ప్రవేశ పరీక్ష ఉందండి. తర్వాత క్లాసులు. తర్వాత డేటా. తర్వాత ఈ అబ్బాయి టైపింగు."

"ఇన్నాళ్లూ ఇదే ప్రశ్న ఊరందరినీ అడిగావు. ఒక్కసారి ఇంట్లో అడగలేదా?"

సిస్టరక్క కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చుంది. ఆవిడ అంత చిన్నగా కనబడటం నాకదే మొదటిసారి. ఆ పేజీ చింపి ఆవిడ చేతిలో పెట్టి, మిగతా మూడు ప్రతుల్లోంచి కూడా నన్ను చింపి తెమ్మని, మేడమ్ మమ్మల్ని పంపేసింది.

బస్సు కోసం నిలబడ్డాం. రెండు బస్సులు వదిలేశాక సిస్టరక్క తనంతట తనే చెప్పింది.

"కోతకి భయం కాదు తమ్ముడూ. ఎన్ని చూడలేదు. లోపలికి తీసుకెళ్లే ముందు కాగితం మీద మనం సంతకం పెడతాం కదా, పక్కన మనవాళ్లు ఒకరు పెట్టాలండి. మా అన్నయ్య తణుకులో మంచం మీదున్నాడు. అమ్మా నాన్నా లేరు. ఇరవై ఏళ్లుగా థియేటర్ డ్యూటీ పడ్డప్పుడల్లా ఆ తలుపుకి లోపలి వైపే ఉన్నాను నేను. తలుపు తీసి, ఫలానా పేషెంటు తరఫువాళ్లెవరండీ అని పిలిచేదాన్ని. నన్ను లోపలేసుకుని ఆ తలుపు తీసి పిలిస్తే, బయట ఎవరూ లేవకపోతే ఎలాగుంటుందా అని. అంతే. వెర్రిగా ఉంటుంది చెప్పుకుంటే."

"నేను కూసుంటనక్కా."

"నీకు పరీక్ష కాదూ?"

"ప్రిలిమ్స్‌ల పోయిన గదా. ఏం పని లేదు నాకు."

"పోయిందా? చెప్పలేదేం?"

"మీకు చెప్తే కనురెప్ప లాగుతరని."

ఆవిడ నవ్వి, వెంటనే పక్కటెముక కింద చెయ్యి పెట్టుకుని ఆపుకుంది. తర్వాత బస్సు ఎక్కాం.

పది రోజుల్లో ఆపరేషన్. ఆవిడ పనిచేసే ఆసుపత్రే గానీ ఆ వార్డుకు ఆవిడ కొత్త. చేర్పించే చోట గుమాస్తా నా వివరాలు రాసుకుంటూ, "రిష్తా?" అని అడిగాడు. రోగికీ నాకూ చుట్టరికం ఏమిటని అతని ప్రశ్న. హైదరాబాదులో నేను విన్న రిష్తా అంటే పెళ్లి సంబంధం. నాకు ఒళ్లు మండింది. పెద్దావిడ గురించి అలా మాట్లాడటం మర్యాద కాదని, మా మధ్య అటువంటిదేమీ లేదని, ఆమె నాకు అక్కలాంటిదని నాకొచ్చిన హిందీలో గట్టిగా చెప్పాను. వెనక వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. గుమాస్తా పెన్ను కింద పెట్టి నన్ను చూస్తున్నాడు. చక్రాల కుర్చీలోంచి సిస్టరక్క, "భాయీ హై అండి, లిఖియే" అంది. అతను తమ్ముడని రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఆవిణ్ని లోపలికి తీసుకెళ్లాక తలుపు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. పిలిచినప్పుడు వెంటనే లేవాలని, నీళ్లకు కూడా వెళ్లకుండా, చెప్పుల్లో కాళ్లు సరిగా పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. గైడ్ మేడమ్. చేతిలో విద్యార్థుల పేపర్లున్నాయి. పేపర్లు తెరిచింది గానీ, చాలాసేపటి దాకా ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

తలుపు తెరుచుకుంది. ముసుగు కట్టుకున్న నర్సు చిన్న సీసా పట్టుకుని సిస్టరక్క పేరు పిలిచి, "ఈమె తరఫువాళ్లెవరు?" అంది. నేను లేచేసరికే మేడమ్ లేచి రెండడుగులు ముందుంది. ఒడిలోని పేపర్లన్నీ నేల మీద పడిపోయాయి. ఇద్దరం ఒకేసారి "మేమే" అన్నాం. సీసాలో శెనగగింజలంత రాళ్లు నిండుగా ఉన్నాయి. మేడమ్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇన్ని లోపల పెట్టుకుని నాతో పరిమితుల అధ్యాయం గురించి వాదించింది" అంది. నేను కిందపడ్డ పేపర్లు ఏరుతున్నట్టు వంగాను.

సాయంత్రం వార్డులోకి తెచ్చారు. మేం మంచానికి చెరోవైపు నిలబడ్డాం. మత్తు ఇంకా వదల్లేదు. కళ్లు తెరిచి ముందు నన్ను, తర్వాత మేడమ్‌ను, మళ్లీ నన్ను చూసింది. మొహం చిట్లించింది. ఇరవై ఏళ్లుగా ఆ సమయంలో తన వార్డులో ఆవిడ అనే మాటే నోటికొచ్చింది.

"పేషెంటు దగ్గర ఇంతమందేంటండి? ఒక్కరే ఉండాలి. రెండోవాళ్లు బయటికి నడవండి."

నాకు తెలుగు అర్థమైంది, మేడమ్‌కు గొంతు అర్థమైంది. మేడమ్ పేపర్లు సర్దుకుంది. నేను సంచీ తీసుకున్నాను. ఎవరు వెళ్లాలో తేల్చుకోలేక ఇద్దరం ఒకేసారి కదిలాం. సిస్టరక్క దుప్పటిలోంచి ఒక చెయ్యి తీసి నా చొక్కా అంచు పట్టుకుంది. సెలైన్ సూది ఉన్న రెండో చేత్తో, జాగ్రత్తగా, మేడమ్ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. పట్టుకుని, కళ్లు మూసుకుని నిద్రపోయింది.

వార్డు నర్సు వచ్చి మమ్మల్ని చూసి, నియమం గుర్తు చేయబోయింది. మేడమ్ నోటి మీద వేలు పెట్టుకుని ఆమెను ఊరుకోమంది.